నాన్నగారి ఇనుప పెట్టెలో దొరికిన వస్తువులు: సిగ్నల్ శాఖలో పనిచేసినవారు చెప్పగలరా?

ఇనుప_పెట్టె · ఆదివారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. మా నాన్నగారు రైల్వే సిగ్నల్, టెలికం శాఖలో 38 ఏళ్ళు పనిచేశారు. 1979లో ఖలాసీగా చేరి, 2017లో ఎలక్ట్రికల్ సిగ్నల్ మెయింటెయినర్‌గా పదవీ విరమణ చేశారు. పోయిన మాఘంలో కాలం చేశారు. ఇంట్లో ఉద్యోగం గురించి మాట్లాడే అలవాటు ఆయనకు లేదు. రాత్రి రెండింటికి తలుపు చప్పుడైతే లేచి చొక్కా తొడుక్కునేవారు, టార్చి తీసుకుని సైకిలెక్కి వెళ్ళిపోయేవారు. ఆ శాఖ గురించి మాకు తెలిసింది అంతే.

మొన్న అటక మీది ఇనుప పెట్టె దించాము. అందులో ఇవి ఉన్నాయి.

అరచేయంత పొడవున్న ఉక్కు పలక. ఒక చివర చిన్న పిడి అతికించి ఉంది. ఒక మూల రంపంతో కోసినట్లు అడ్డగీత ఉంది.

గుండ్రటి అద్దం, నీలం రంగు. అంచు పెచ్చు ఊడింది.

జానెడు రాగి తీగ. మధ్యలో రెండు తీగలను సన్నని తీగతో చుట్టి అతికినట్లుంది.

మూడు డైరీలు. ఒకదాని మొదటి పేజీలో వట్టి సున్నాలు: ఒక సున్నా, కింద రెండు, ఆ కింద మూడు, అలా ఆరు దాకా. అమ్మ అవి పాల లెక్కలు అంటోంది. నాకు అలా అనిపించడం లేదు.

ఇవి ఏమిటో చెప్పగలిగినవారు దయచేసి చెప్పండి. పాత ఇనుము వాడికి వేయడానికి మనసు ఒప్పడం లేదు.

దూరం_సిగ్నల్ · ఆదివారం, ఉదయం 11:40

అమ్మా, దేనినీ ఇనుము వాడికి వేయకండి. నేను 1983లో సిగ్నల్ ఇన్‌స్పెక్టర్‌గా చేరి 2020 వరకు అదే శాఖలో ఉన్నాను. ముందు ఆ అద్దం సంగతి చెబుతాను.

అది రెక్క సిగ్నల్ అద్దం, ఆ సిగ్నల్‌ను సెమాఫోర్ అంటారు. స్తంభం మీద రెక్క ఉండేది గుర్తుందా? రెక్క మొదట్లో కళ్ళజోడు లాంటి చట్రం ఉంటుంది. అందులో ఒకటి ఎర్ర అద్దం, ఇంకొకటి ఇది. రెక్క కదిలితే చట్రం కదులుతుంది, వెనక వెలిగే దీపం ముందుకు ఏదో ఒక అద్దం వస్తుంది.

రైల్వేలో నీలం సిగ్నల్ లేదు కదా అని మీకు అనుమానం రావచ్చు. దీపం కిరోసిన్‌ది, దాని మంట పసుపు. పసుపు వెలుగు ఆకుపచ్చ అద్దంలోంచి వస్తే దూరానికి పాలిపోయి పసుపుగానే కనబడుతుంది. అదే నీలం వైపు మొగ్గిన అద్దమైతే పసుపు, నీలం కలిసి చక్కటి ఆకుపచ్చ అవుతుంది. నమ్మకం కుదరకపోతే ఈ రాత్రి కరెంటు దీపాలు ఆర్పి, కిరోసిన్ బుడ్డి వెలిగించి, ఆ అద్దం అడ్డం పెట్టి చూడండి. మీ నాన్నగారు ఎన్ని వేల సాయంత్రాలు నిచ్చెన ఎక్కి ఆ వెలుగు సరిచూశారో అప్పుడు తెలుస్తుంది.

ఆయన మొదటి ఉద్యోగం ఏ ఊళ్ళో?

ఇనుప_పెట్టె · ఆదివారం, మధ్యాహ్నం 12:05

నంద్యాల అండీ. నేను అక్కడే పుట్టాను. గిద్దలూరు వైపు అడవి స్టేషన్లలో పనిచేశారని అమ్మ చెబుతుంది.

దూరం_సిగ్నల్ · ఆదివారం, మధ్యాహ్నం 12:50

అయితే నా దారిలోనే నడిచారు. నా మొదటి సెక్షనూ అదే: గాజులపల్లె, చలమ, దిగువమెట్ట. అప్పటికది మీటరు గేజి. నల్లమల మధ్యలో బొగద సొరంగం, దొరబావి వంతెన. కొండచిలువలా మెలికలు తిరిగే లైను. 1990లలో బ్రాడ్ గేజి అయింది.

అక్కడ సిగ్నల్ అంటే తీగ. స్టేషన్ దగ్గర లివరు లాగితే అర కిలోమీటరు, ఆపైన దూరంలో ఉన్న రెక్క వాలాలి. మధ్యలో పదుల కొద్దీ కప్పీలు, వాటి మీదుగా ఇనుప తీగ. వైశాఖం ఎండకు తీగ సాగుతుంది. లివరు పూర్తిగా లాగినా రెక్క సగమే వాలుతుంది. అరకొరగా వాలిన రెక్కను డ్రైవరు ఎర్రదీపంగానే లెక్కించి ఆగాలి, అది నియమం. అందుకని మెయింటెయినర్ మిట్టమధ్యాహ్నం వెళ్ళి తీగ బిగించాలి, రాత్రి చలికి అది బిగుసుకుంటే మళ్ళీ వదులు చేయాలి. ఎండను, మంచును చేతి వేళ్ళతో కొలిచే పని అది.

ఇంకొక మాట. తీగ తెగితే? స్తంభం మొదట్లో ఒక బరువు ఉంటుంది. తీగ పట్టు పోగానే ఆ బరువు దిగి, రెక్క అడ్డంగా లేచి నిలబడుతుంది. అంటే ‘ఆగు’. చెడిపోతే ఎరుపు వైపే చెడిపోవాలి. మా విద్య అంతా ఆ బరువులోనే ఉంది. ఆ తర్వాత కరెంటు వచ్చింది, రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు) వచ్చాయి, కంప్యూటర్ వచ్చింది; ఆ బరువు మాత్రం ఏదో రూపంలో ఉండనే ఉంది.

రెండో_మాస్టరు · ఆదివారం, మధ్యాహ్నం 3:18

నేను స్టేషన్ మాస్టరును, ఇంకా సర్వీసులో ఉన్నాను. సున్నాల సంగతి నేను చెబుతాను. అవి పాల లెక్కలు కాదమ్మా, గంటలు.

రెండు స్టేషన్ల మధ్య బ్లాక్ పరికరం ఉంటుంది. అవతలి మాస్టరుతో గంట కొట్టి మాట్లాడతాము. ఒక గంట కొడితే ‘వినండి, ఫోను తీయండి’. రెండు కొడితే ‘లైను ఖాళీయా?’ మూడు కొడితే ‘బండి సెక్షనులోకి వచ్చింది’. నాలుగు ‘బండి సెక్షను దాటింది’. అయిదు రద్దు. ఆరు మోగితే చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ వదిలేయాలి: ‘లైనులో అడ్డంకి ఉంది, ప్రమాదం’. నాన్నగారు చేరిన కొత్తలో కంఠస్థం చేయడానికి రాసుకుని ఉంటారు.

సింగిల్ లైనులో ఇంకొక ముచ్చట. ‘నీల్స్’ బంతి టోకెను అని ఉక్కు బంతి ఉండేది. అవతలి స్టేషన్ ఒప్పుకుంటేనే ఇవతలి పెట్టెలోంచి ఒక బంతి బయటపడుతుంది. ఒకటి బయట ఉన్నంతసేపు రెండు పెట్టెల్లో ఏదీ ఇంకొకటి ఇవ్వదు. ఆ బంతిని తోలు సంచిలో పెట్టి, బెత్తపు వలయానికి కట్టి, కదిలే ఇంజను డ్రైవరు చేతికి అందించేవారు. బంతి దగ్గర ఉన్నవాడిదే లైను. పక్క సెక్షను బంతి ఈ పెట్టెలో పట్టదు. బండ్లు ఒక వైపే ఎక్కువ నడిచి బంతులు ఒక స్టేషనులో పోగుపడితే, వాటిని లెక్కపెట్టి రిజిస్టరులో రాసి రెండో స్టేషనుకు చేర్చేది మెయింటెయినరే.

టకటక_తీగ · ఆదివారం, రాత్రి 8:31

ఆ రాగి తీగ చూసి కళ్ళు చెమర్చాయి తల్లీ. దాన్ని బ్రిటానియా అతుకు అంటారు. రెండు తీగల కొనలను కొద్దిగా పైకి వంచి, పక్కపక్కన ఆనించి, సన్న తీగను దగ్గర దగ్గరగా చుట్టి, పైన సీసపు టంకం పోస్తారు. లాగినా ఊడదు, కరెంటుకు అడ్డు పడదు. కొత్తగా చేరినవాళ్ళ చేత ముందు ఇదే చేయించేవారు. ఒక్క చుట్టు వదులైతే మేస్త్రీ తెంపి పారేసి మళ్ళీ చుట్టమనేవాడు. మీ నాన్నగారిది నెగ్గిన అతుకు అయి ఉంటుంది, అందుకే దాచుకున్నారు.

నేను 1971లో సిగ్నలర్‌గా చేరాను. ఆ రోజుల్లో రైల్వేలో సిగ్నలర్ అంటే తంతి కొట్టేవాడు. పట్టాల పక్కన స్తంభాల మీద తీగల బారులు ఉండేవి: మోర్స్‌కు, కంట్రోల్ ఫోనుకు, బ్లాక్ పరికరాలకు. కంట్రోల్ ఫోనులో సెక్షను అంతటికీ ఒకటే తీగ. కంట్రోలర్ మాట్లాడితే అన్ని స్టేషన్లకూ వినపడుతుంది. వర్షం పడితే గొంతు బావిలోంచి వచ్చినట్లు ఉండేది.

తీగ ఎక్కడో తెగింది, నలభై మైళ్ళలో ఎక్కడో తెలియదు. ఒక్కొక్క మాస్టరునే పిలిచి, ‘మీ దగ్గర తీగను భూమికి కలపండి, ఇప్పుడు విడదీయండి’ అని చెబుతూ సూది కదలిక చూసేవాళ్ళం. సూది కదిలిన చివరి స్టేషనుకు, కదలని మొదటి స్టేషనుకు మధ్య లైన్‌మన్ నడిచి వెళ్ళేవాడు. నడవడమే, ఇంకో దారి లేదు.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన. తెనాలి నుంచి రేపల్లె వైపు స్తంభాలు వరిచేలో పడుకుని ఉన్నాయి. తీగలు బురదలో చిక్కుపడ్డాయి. పశువుల కళేబరాల మధ్య నిలబడి అతుకులు వేశాము. మొదట నిలబెట్టింది ఒక్కటే తీగ, కంట్రోల్ ఫోనుది. అవతల నుంచి మనిషి గొంతు వినపడగానే మా లైన్‌మన్ ఫోను చేతిలో పట్టుకుని కూర్చుండిపోయాడు. ఏమీ మాట్లాడలేకపోయాడు.

కరెంటు ఇంజన్లు వచ్చిన చోట తీగలన్నీ భూమిలోకి వెళ్ళాయి. 25 వేల వోల్టుల తీగ పక్కన మా తీగ బతకలేదు, దాని ప్రేరణకు మాటంతా గోలగా మారేది. ఆ తర్వాత గాజు తంతువులు, అంటే ఆప్టికల్ ఫైబర్. నాకు ఇప్పటికీ వాన చినుకులు రేకు మీద పడుతుంటే అక్షరాలు వినపడతాయి.

పాయింట్ల_పిల్లాడు · ఆదివారం, రాత్రి 9:55

పెద్దలందరికీ నమస్కారం. నేను జూనియర్ ఇంజనీరుగా చేరి రెండేళ్ళయింది. సికింద్రాబాద్‌లో 1957 నుంచి నడుస్తున్న మా శాఖ శిక్షణ సంస్థలోనే నేర్చుకున్నాను. ఉక్కు పలక నాకు తెలుసు, నా సంచిలోనూ ఒకటి ఉంది.

అక్కా, బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్ళే చోట (దాన్నే పాయింటు అంటాము) కదిలే పట్టా ఉంటుంది, టంగ్ రెయిల్ అంటాము. అది కదలని పట్టాకు పూర్తిగా ఆనుకోవాలి. మధ్యలో సందు ఉంటే చక్రం అంచు అందులో దూరుతుంది, బండి పడిపోతుంది. పాయింట్ మెషీన్ దాన్ని జరిపి, తాళం వేసి, ‘ఆనింది’ అని కబురు పంపితేనే సిగ్నల్ పచ్చబడుతుంది. ఆ మెషీన్ నిజం చెబుతోందో లేదో పరీక్షించేది ఈ పలకే. మందం 5 మిల్లీమీటర్లు. టంగ్ రెయిల్ కొనకు 150 మిల్లీమీటర్ల దూరంలో మధ్యన పెట్టి మెషీన్ తిప్పాలి. మెషీన్ తాళం వేయకూడదు, ఆనిందని కబురు పంపకూడదు, మోటారు క్లచ్ జారుతూ తిరగాలి. పలక ఉండగా తాళం పడిందంటే ఆ మెషీన్ అబద్ధం చెబుతున్నట్లే.

కానీ అడ్డగీత ఎందుకో నాకు తెలియడం లేదు. మా పలకల మీద అలాంటిది లేదు.

ఇనుప_పెట్టె · సోమవారం, ఉదయం 6:40

రాత్రి కిరోసిన్ బుడ్డి వెలిగించి చూశాము. పచ్చగా కనిపించింది. అమ్మ చాలాసేపు ఆ అద్దం వదలలేదు. ఏమని కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

డైరీలో ఒక చోట మూడు రోజుల రాత ఉంది. 1999 జనవరి. స్టేషన్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఉన్నది ఉన్నట్లు రాస్తున్నాను.

‘7. తె. 3.40 ట్రాక్ డౌన్. బ్యాటరీ బాగుంది. బాండ్లు బాగున్నాయి. 9.15కు దానంతట అదే లేచింది.’

‘8. తె. 3.25 మళ్ళీ డౌన్. రిలే మార్చాను. ఫలితం లేదు. 9.30కు లేచింది. తీగ వేయమన్నారు. వేయలేదు.’

‘9. తె. 4.05 డౌన్. కీమ్యాన్‌తో నడిచాను. వెల్డు దగ్గర. గోరు దూరేంత.’

ఇందులో ‘తీగ వేయడం’ ఏమిటి? వేయకపోవడం తప్పా?

దూరం_సిగ్నల్ · సోమవారం, ఉదయం 9:20

అమ్మా, ఇది చదివి కాసేపు అలాగే కూర్చున్నాను.

స్టేషన్ లోపలి పట్టాల గుండా సన్నటి కరెంటు పంపుతాము. ఒక చివర బ్యాటరీ, రెండో చివర రిలే. పట్టాలు ఖాళీగా ఉంటే కరెంటు రిలేకు చేరి దాన్ని ఎత్తి పట్టుకుంటుంది. బండి ఎక్కితే చక్రాల ఇరుసు రెండు పట్టాలనూ కలిపేస్తుంది, కరెంటు అక్కడే తిరిగిపోతుంది, రిలే తన బరువుకు తానే కింద పడుతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. బ్యాటరీ అయిపోయినా, తీగ తెగినా అంతే: రిలే పడుతుంది. అదే ‘ట్రాక్ డౌన్’. నిన్న చెప్పిన సెమాఫోర్ బరువు ఇక్కడ రిలే రూపంలో ఉంది.

ఇప్పుడు వేళలు చూడండి. తెల్లవారుజామున పడుతోంది, ఎండ ఎక్కాక లేస్తోంది. వాన వల్ల అయితే ఈ వేళలు రావు. చలికి పట్టా కుంచించుకుంటుంది. పట్టాలో ఎక్కడో పగులు ఉంటే ఆ లాగుడుకు నోరు తెరుస్తుంది, కరెంటు ఆగిపోతుంది. తొమ్మిదింటికి పట్టా వేడెక్కి సాగి నోరు మూసుకుంటుంది, రిలే లేస్తుంది. బోల్టులతో కలిపిన అతుకుల దగ్గర బాండు తీగలు ఉంటాయి కాబట్టి అక్కడ కరెంటు ఆగదు. వెల్డింగ్ అతుకు విరిగితే దాటించే తీగ లేదు. నాన్నగారు మొదటి రెండు రోజులు తన బ్యాటరీని, తన రిలేను అనుమానించారు. అది న్యాయమే, ముందు మన సామాను చూసుకోవాలి. మూడో రోజు రిలే రూములో కూర్చోకుండా, పగులు తెరుచుకునే వేళకే, రోజూ పట్టాలు చూస్తూ నడిచే కీమ్యాన్‌ను తీసుకుని నడిచారు. పగలు నడిచి ఉంటే దొరికేది కాదు.

‘తీగ వేయడం’ అంటే రిలే పడిపోయినా సిగ్నల్ పచ్చబడేటట్లు అడ్డదారిన ఒక తీగ ముక్క కలపడం. బండ్లు ఆగవు, ఫోన్లు మోగవు. కానీ ఆ తీగ ఉన్నంతసేపు పట్టాల మీద బండి నిలబడి ఉన్నా సిగ్నల్‌కు తెలియదు. విరిగిన పట్టా ‘నేను విరిగాను’ అని మూడు రాత్రులు చెబుతోంది. తీగ వేస్తే దాని నోరు నొక్కేసినట్లు.

వేయకపోవడం తప్పు కాదమ్మా. మా శాఖలో అంతకంటే పెద్ద ఒప్పు లేదు.

రాత్రి_లోకో · సోమవారం, మధ్యాహ్నం 1:14

లోకో పైలట్‌ను. పెద్దాయన మాటను గౌరవిస్తూనే ఒకటి చెప్పాలి. స్టేషన్ ముందుండే హోమ్ సిగ్నల్ దగ్గర ఎర్రదీపం ముందు నలభై నిమిషాలు నిలబడి, కూత వేసి వేసి, వెనక బోగీల్లో పసిపిల్లల ఏడుపు వింటూ ఉన్నవాణ్ణి. ప్రతి ఎరుపూ పుణ్యం కాదు. సరైన వేళకు కప్పీకి నూనె, బ్యాటరీకి నీళ్ళు పోయక వచ్చే ఎరుపులూ ఉన్నాయి. ఆగి ఆగి ఎరుపు మీద గౌరవం తగ్గితే అదీ ప్రమాదమే.

డైరీ చదివాక ఇంకో మాట కూడా రాయాలి. ఆ మూడు తెల్లవారుజాముల్లో ఆ లైను మీద నాలాంటివాడు ఎవడో ఇంజనులో ఉన్నాడు. వాడికి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు.

రెండో_మాస్టరు · సోమవారం, మధ్యాహ్నం 2:02

→ రాత్రి_లోకో గారికి: మీ కోపం సరైనదే. అయితే నా కుర్చీలోంచి కూడా చూడండి. మెయింటెయినర్ ఒక పాయింటు విప్పాలంటే ముందు నాకు డిస్‌కనెక్షన్ మెమో ఇవ్వాలి, టి-351. నేను సంతకం చేస్తే ఆ గేరు పని చేయనట్లు లెక్క, బండ్లను నిదానంగా, కాగితం మీద పంపాలి. ఆలస్యానికి సంజాయిషీ నాది. అందుకని ‘రెండు బండ్ల మధ్యలో చూసుకోవయ్యా, మెమో ఎందుకు’ అనే మాట చాలా స్టేషన్లలో వినపడుతుంది. నేనూ అన్నాను, ఆ మాట అన్నందుకు ఈ రోజుకూ బాధపడుతున్నాను. రిలే రూముకు రెండు తాళాలు, ఒక చెవి నా దగ్గర, ఒకటి ఆయన దగ్గర. ఇద్దరమూ ఒప్పుకుంటేనే తలుపు తెరుచుకోవాలని ఆ ఏర్పాటు. ఇద్దరమూ కలిసి తప్పు ఒప్పుకుంటే ఆ రెండో తాళం ఎందుకూ కొరగాదు.

థేమ్స్_గట్టు · సోమవారం, సాయంత్రం 6:47

లండన్ నుంచి రాస్తున్నాను, సొంతూరు గుంతకల్లు. సిగ్నల్ సర్క్యూట్ల పరీక్ష నా ఉద్యోగం. ఇక్కడ ఈ పనిలో చేరేవాడికి మొదట చెప్పే పాఠం 1988 డిసెంబరు 12, క్లాఫమ్ జంక్షన్ రైలు ప్రమాదం. రిలే రూములో కొత్త తీగ కలిపిన టెక్నీషియన్ పాత తీగను పూర్తిగా కత్తిరించలేదు, కొనకు తొడుగు వేయలేదు, పక్కకు వంచి వదిలేశాడు. పదమూడు వారాల్లో ఆయనకు దొరికిన సెలవు ఒక్క రోజు. రెండు వారాలకు పక్క రిలే పని చేస్తుండగా ఆ కొన కదిలి పాత చోటునే తాకింది. ముందు బండి నిలబడి ఉన్నా సిగ్నల్ ఎర్రబడలేదు. 35 మంది చనిపోయారు.

మీ నాన్నగారు వేయని తీగ, ఇక్కడ ఆయన తీయకుండా వదిలిన తీగ, రెండూ వేలెడంత. విచారణ చేసిన న్యాయవాది ఆంథొనీ హిడెన్ ఆ టెక్నీషియన్‌ను మాత్రమే తప్పుపట్టి ఊరుకోలేదు. పని గంటలు, రెండో మనిషి వచ్చి తీగలు లెక్కపెట్టకపోవడం, పై అధికారుల పర్యవేక్షణ అన్నింటినీ బయటపెట్టాడు. ఈ రోజు నేను ఏ రిలే ముట్టుకున్నా, ఎన్ని తీగలు ఉండాలో కాగితంలో చూసి, ఎన్ని ఉన్నాయో వేలితో లెక్కపెట్టి సంతకం చేస్తాను.

పాయింట్ల_పిల్లాడు · సోమవారం, రాత్రి 8:20

2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర బహనాగా బజార్‌లో జరిగినదీ ఈ కోవదే కదా. పాయింటు పక్క లైను (లూపు) వైపు ఉండగా సిగ్నల్ మెయిన్ లైనుకు పచ్చగా వెలిగింది. సర్క్యూట్ మార్పుల్లో లోపాలే కారణమని విచారణలో తేలింది. 290 మందికి పైగా పోయారు. మా బ్యాచ్ వాళ్ళం ఆ నివేదిక గురించి చాలా రాత్రులు మాట్లాడుకున్నాము. ఇప్పుడు బండిని దానంతట అదే ఆపే కవచ్ వస్తోంది కాబట్టి ఇలాంటి భయం తగ్గుతుందా అని నా సందేహం.

దూరం_సిగ్నల్ · సోమవారం, రాత్రి 9:05

నాయనా, కవచ్ మొదటి అడుగులు మన వైపే పడ్డాయి, లింగంపల్లి, వికారాబాద్, వాడి లైను మీద. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద మధ్య రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపించి, వాటంతట అవే ఆగడం చూపించారు. గొప్ప పని. డ్రైవరు ఎర్రదీపం దాటబోతే బ్రేకు వేస్తుంది. రాత్రి_లోకో గారి లాంటివారి భుజం మీద బరువు కొంత దింపుతుంది.

అయితే సిగ్నల్ ఏ రంగులో ఉందో కవచ్‌కు చెప్పేది, పాయింట్లను సిగ్నళ్ళతో ముడిపెట్టే స్టేషన్ ఇంటర్‌లాకింగే. కింద సర్క్యూట్ అబద్ధం చెబితే పైన కవచ్ ఆ మాటనే ఇంజనుకు చేరవేస్తుంది. అందుకని నీ సంచిలో పలక ఉండాలి.

అడ్డగీత మాట మరిచిపోయాను. ఇనుప_పెట్టె అమ్మా, ఆ పలక మందం కొలిపించగలరా? మధ్యలో, నాలుగు మూలల్లో విడివిడిగా. ఏ లేత్ పనివాడి దగ్గరైనా వెర్నియర్ ఉంటుంది.

ఇనుప_పెట్టె · మంగళవారం, సాయంత్రం 5:30

ఆటోనగర్‌లో కొలిపించాను. మధ్యలో సరిగ్గా 5. మూడు మూలలు కూడా 5. అడ్డగీత ఉన్న మూల మాత్రం 5.6. అంచు నలిగి ఉబ్బిందని ఆయన వేలు పెట్టి చూపించారు.

దూరం_సిగ్నల్ · మంగళవారం, సాయంత్రం 6:10

అనుకున్నాను. పట్టాల మధ్య ఇరుక్కున్న పలకను సుత్తితో తట్టి తీస్తూ ఉంటే అంచు అలా ఉబ్బుతుంది. ఆ మూలతో పరీక్ష చేస్తే మెషీన్ తాళం వేయదు, మనం ‘బాగుంది’ అని రాసుకుంటాము. కానీ అది తట్టుకుని నిలిచింది 5.6కి. సరిగ్గా 5 మిల్లీమీటర్ల సందుకు తాళం వేసేస్తుందేమో మనకు తెలియదు. పలక పలుచబడితే మనకు అదనపు చాకిరీ, మందమైతే బండికి ముప్పు. కంటికి కనిపించని తేడా. మీ నాన్నగారు పట్టుకున్నారు, ఇంకెవరూ వాడకుండా గీత కోశారు, డిపోలో వదలకుండా ఇంటికి తెచ్చేశారు.

పాయింట్ల_పిల్లాడు · మంగళవారం, సాయంత్రం 6:25

నా పలకను ఇప్పుడే కొలిచాను. నాలుగు మూలలూ 5. ఇకపై నెలకోసారి కొలుస్తాను. అక్కా, మీ అనుమతి ఉంటే ఆ పలక ఫొటో మా డిపో గోడ మీద పెట్టుకుంటాము.

ఇనుప_పెట్టె · మంగళవారం, రాత్రి 10:48

తప్పకుండా పెట్టుకోండి తమ్ముడూ.

రెండో డైరీలో వెతికితే దొరికింది. 2006 ఆగస్టు 21. ‘పలక మూల ఉబ్బింది. ఎన్నాళ్ళ నుంచో తెలియదు. కొత్తది తెచ్చి 14 పాయింట్లూ మళ్ళీ చూశాను. రా. 11.20కి అయింది.’

ఆ రోజు నా పుట్టినరోజు. రాత్రి ఆయన వచ్చేసరికి నేను నిద్రపోయాను. ఎందుకు రాలేదని మర్నాడు అలిగాను, ఆయన ఏమీ చెప్పలేదు. అమ్మకు ఇప్పుడే ఇది చదివి వినిపించాను.